పాత డాడ్జ్ సిక్స్‌కి కార్బురేటర్ అడాప్టర్: కొలత దగ్గర్నుంచి ఘాట్ రోడ్డు దాకా

పాత ఇంజిన్‌కి వేరే కార్బురేటర్ (గాలిలో పెట్రోలు కలిపి పంపే భాగం) పెట్టుకోవడానికి మధ్యలో వేసే ప్లేటే అడాప్టర్. దాన్ని చేయడం మొదలుపెట్టేవాళ్లకి ముందే ఒక మాట. కార్బురేటర్ నుంచి సిలిండర్లకి దారి ఇచ్చే పోత గొట్టం, అంటే మానిఫోల్డ్‌కి కొత్త బెజ్జం పెట్టకండి. ఉన్న బెజ్జాన్ని పెద్దది చేయకండి. ఆకురాయి కూడా తగలనివ్వకండి. డెబ్బై ఏళ్ల నాటి ఆ పోత ఇనుము పగిలితే ఇంకోటి వెతికి పట్టుకోవడం చాలా కష్టం. తప్పులన్నీ మనం చేసుకునే ప్లేటు మీదే జరగాలి. ప్లేటు పాడైతే ఇంకో ప్లేటు కోసుకుంటాం. రేపు పాత కార్బురేటర్ బాగై వస్తే ఒక సాయంత్రంలో అడాప్టర్ విప్పేసి, దాన్ని దాని చోట కూర్చోబెట్టగలగాలి. కింద రాసిందంతా ఈ షరతుకి లోబడే రాశాను.

మా ఇంట్లోది 1950ల నాటి డాడ్జ్ కింగ్స్‌వే, తాతగారి బండి. ఇంజిన్ క్రైస్లర్ వాళ్ల ఫ్లాట్‌హెడ్ సిక్స్, అంటే వాల్వ్‌లు సిలిండర్ల పక్కన ఉండే (సైడ్ వాల్వ్) ఆరు సిలిండర్ల రకం. బోర్ 3.25 అంగుళాలు, స్ట్రోక్ 4.375 అంగుళాలు, మొత్తం 217.8 క్యూబిక్ అంగుళాలు. మన లెక్కలో సుమారు 3,568 సీసీ. ఈ బండ్లని మన దేశంలో బిగించింది బొంబాయిలోని ప్రీమియర్ ఆటోమొబైల్స్. 1944లో ఆ కంపెనీ పెట్టిన వాల్‌చంద్ హీరాచందే 1941లో మన విశాఖలో సింధియా ఓడల కంపెనీ షిప్‌యార్డుకి పునాది వేయించారు. ఇప్పటి హిందుస్థాన్ షిప్‌యార్డ్ అదే. సింధియా జంక్షన్ మీదుగా ఈ బండి వెళ్తుంటే పుట్టింటికి వచ్చినట్టే ఉంటుంది నాకు.

షెవర్లే, స్టూడిబేకర్ లాంటి వేరే ఆరు సిలిండర్ల బండి ఉన్నవాళ్లకి కూడా పద్ధతి ఇదే. కొలతలు మాత్రం మీ ఇంజిన్ మీద మీరే తీసుకోవాలి.

అసలు అడాప్టర్ కావాలా?

చాలాసార్లు అక్కర్లేదు. కార్బురేటర్ పోయిందని చెప్పే లక్షణాల్లో సగం ఇంకెక్కడో లోపం వల్ల వస్తాయి. ముందు ఆరు సిలిండర్ల కంప్రెషన్ చూడండి. పాయింట్ల గ్యాప్, టైమింగ్, వాల్వ్ క్లియరెన్స్ చూడండి. తర్వాత మానిఫోల్డ్‌కి వాక్యూమ్ గేజ్ తగిలించండి. ఆరోగ్యంగా ఉన్న ఇంజిన్ ఐడిలింగ్‌లో 17 నుంచి 21 అంగుళాల (పాదరసం) మధ్య ముల్లు కదలకుండా నిలబెడుతుంది. ఈ అంకెలు సముద్ర మట్టానికి చెప్పినవి. మనం ఉండేది సముద్రం ఒడ్డునే కాబట్టి తీసివేతలేమీ లేకుండా నేరుగా వాడుకోవచ్చు.

అవన్నీ బాగుండి, పాత కార్బురేటర్ థ్రాటిల్ షాఫ్ట్‌ని వేలితో కదిపితే టకటకమని ఆడుతుంటే, అడుగు ఫ్లాంజ్ (బోల్టులు బిగించే అంచు) వంగిపోయి ఉంటే, అప్పుడు ఆలోచించాలి. మా బండిది కార్టర్ కంపెనీ సింగిల్ బ్యారెల్ (ఒకే గాలి దారి), 'బాల్ అండ్ బాల్' రకం. షాఫ్ట్ బెజ్జాలు కోడిగుడ్డు ఆకారానికి వచ్చేశాయి. బుష్‌లు వేసి బాగుచేయించవచ్చు, చేయిస్తున్నాను కూడా. అందాకా బండి షెడ్డులో నిలబడిపోకూడదని అడాప్టర్ చేశాను. నిలబెట్టిన ఇంజిన్ నడిచే ఇంజిన్ కంటే త్వరగా పాడవుతుంది, అందులోనూ మన ఉప్పుగాలిలో.

పాత స్థితికి తెచ్చుకోగలగడానికి ఇంకో కారణం కూడా ఉంది. 2021లో కేంద్రం మోటారు వాహన నిబంధనల్లో వింటేజ్ బండ్లకి ప్రత్యేక రిజిస్ట్రేషన్ పెట్టింది. 50 ఏళ్లు దాటి, అసలు రూపంలో కాపాడుకుంటున్న బండికే అది వర్తిస్తుంది. ఛాసిస్, బాడీ, ఇంజిన్లలో పెద్ద మార్పులు చేసి ఉండకూడదు. విప్పేస్తే ఆనవాలు మిగలని అడాప్టర్ వేరు, కోసి అతికిన మానిఫోల్డ్ వేరు.

ఏ కార్బురేటర్ పెట్టాలి?

ముందు ఇంజిన్ ఎంత గాలి పీలుస్తుందో లెక్క కట్టాలి. నాలుగు స్ట్రోకుల ఇంజిన్ రెండు చుట్లకి ఒకసారి తన పూర్తి సామర్థ్యం మేర గాలి తీసుకుంటుంది. ఈ ఇంజిన్ గరిష్ఠ శక్తి ఇచ్చేది 3,600 ఆర్‌పీఎం దగ్గర. 3.568 లీటర్లని 1,800తో గుణిస్తే నిమిషానికి 6,420 లీటర్లు. సైడ్ వాల్వ్ ఇంజిన్ అంత గాలీ పీల్చలేదు, ముప్పాతిక వంతు వేసుకుంటే సుమారు 4,800 లీటర్లు. విదేశీ పుస్తకాల లెక్కలో ఇది 170 సీఎఫ్‌ఎం, అంటే నిమిషానికి 170 ఘనపు అడుగులు.

అంబాసిడర్ సోలెక్స్ సులువుగా దొరుకుతుంది కదా అని చాలామంది దాన్నే పెట్టేస్తారు. అది 1,489 సీసీ ఇంజిన్‌కి పెట్టిన కార్బురేటర్. మన ఇంజిన్ దానికి దాదాపు 2.4 రెట్లు. బీచ్ రోడ్డు మీద మెల్లగా వెళ్తున్నంతసేపూ తేడా తెలియదు. ఎత్తు ఎక్కేటప్పుడు ఇంజిన్‌కి ఊపిరి అందదు. నేను తీసుకున్నది వెబర్ 32/36. ఇందులో రెండు బ్యారెళ్లు: మొదటిది 32 మి.మీ., రెండోది 36 మి.మీ. మామూలుగా నడిపేటప్పుడు మొదటిదే పనిచేస్తుంది, పెడల్ బాగా తొక్కినప్పుడే రెండోది తెరుచుకుంటుంది. ఊళ్లో నిదానంగా, కొండ మీద గట్టిగా నడిపే బండికి ఈ తీరు బాగా నప్పుతుంది.

శక్తి పెరుగుతుందని మాత్రం ఆశపడకండి. రెండు బ్యారెళ్ల వైశాల్యం కలిపితే 1,820 చదరపు మి.మీ. పైనే. కింద మానిఫోల్డ్ నోరు 38 మి.మీ. అనుకుందాం, దాని వైశాల్యం 1,134 మాత్రమే. పైన ఎంత పెద్ద గరాటు పెట్టినా సీసా మెడ సీసా మెడే. మనకి దక్కేది నిలకడైన ఐడిలింగ్, పెడల్ తొక్కగానే తడబడకుండా అందుకోవడం. పాత బండికి అంతకంటే కావలసిందేముంది?

కొలతలు

పాత కార్బురేటర్ విప్పాక మానిఫోల్డ్ నోట్లో ముందుగా శుభ్రమైన గుడ్డ కుక్కండి. ఒక్క వాషర్ లోపల పడితే ఇంజిన్ విప్పాల్సి వస్తుంది. పాత గాస్కెట్‌ని (అతుకులో గాలి దూరకుండా వేసే షీటుని) ప్లాస్టిక్ ముక్కతో గీకి తీయండి, ఉలి వద్దు.

కొలవడానికి వెర్నియర్ ఉన్నా, నేను నమ్మేది పెళ్లికార్డునే. మందపాటి శుభలేఖ ఒకటి తీసుకుని మానిఫోల్డ్ ఫ్లాంజ్ మీద పరచండి. చిన్న బాల్‌పీన్ సుత్తి గుండ్రటి వైపుతో, బెజ్జం అంచు వెంట, తలుపు మీద వేలితో తట్టినంత మెల్లగా తట్టుకుంటూ రండి. ముందు అట్ట మీద ఒక మెరుపు గీత కనిపిస్తుంది. అదే చోట ఇంకో నాలుగు దెబ్బలు పడితే గీత నల్లబడుతుంది, తర్వాత అట్ట దానంతట అదే తెగి ముక్క ఊడి వస్తుంది. మా శుభలేఖలో సరిగ్గా 'ఆహ్వానించువారు' అన్న అక్షరాల మీద మానిఫోల్డ్ నోరు తెరుచుకుంది. ఆ అట్టని పక్కకి తీసి, దాని మీద వెర్నియర్‌తో కొలుచుకుంటే ఇంజిన్ మీద వంగి కొలిచిన దానికంటే కచ్చితంగా వస్తుంది. వెబర్ అడుగుకీ ఇలాగే ఇంకో అట్ట తీయండి. కానీ వెబర్ బాడీ మెత్తటి పోత లోహం, దాని మీద సుత్తి వాడకండి. అంచుకి గ్రీజు పూసి అచ్చు ఒత్తుకోండి.

రాసుకోవాల్సినవి ఇవి: మానిఫోల్డ్ నోటి వ్యాసం, రెండు స్టడ్‌ల (మానిఫోల్డ్‌లో బిగించి ఉన్న తల లేని బోల్టుల) మధ్య దూరం, స్టడ్ మందం, దాని థ్రెడ్, మానిఫోల్డ్ మీద స్టడ్ ఎంత ఎత్తు లేచి ఉందో, వెబర్ నాలుగు బెజ్జాల మధ్య పొడవు వెడల్పులు, రెండు బ్యారెళ్ల కేంద్రాల మధ్య దూరం. చాలామంది మరిచిపోయేది ఇంకోటి ఉంది. వెబర్‌ని తలకిందులు చేసి థ్రాటిల్ పూర్తిగా తెరిచి చూడండి. బటర్‌ఫ్లైల (గాలి దారిని తెరిచి మూసే గుండ్రటి రేకుల) అంచులు అడుగు ఫ్లాంజ్ దాటి కిందికి వేలాడతాయి. ఎంత వేలాడుతున్నాయో కొలవండి. ఆ లోతు వరకు, చుట్టూ కనీసం 3 మి.మీ. ఖాళీతో, అడాప్టర్‌లో చోటు ఉండాలి. దీని కథ తర్వాత చెబుతాను.

థ్రెడ్ విషయంలో ఒక ప్రమాదం ఉంది. అమెరికా బండి స్టడ్‌లు అంగుళాల లెక్కవి. మా మానిఫోల్డ్‌లోది 5/16 అంగుళం, అంటే 7.94 మి.మీ. చూస్తే అచ్చం 8 మి.మీ. బోల్టులాగే ఉంటుంది. కానీ 5/16 ముతక థ్రెడ్‌కి అంగుళానికి 18 చుట్లు, అంటే పిచ్ (చుట్టుకీ చుట్టుకీ మధ్య దూరం) 1.41 మి.మీ. మెట్రిక్ 8 మి.మీ. బోల్టుకి పిచ్ 1.25. ఒకదానిలో ఇంకోటి రెండు మూడు చుట్లు హాయిగా తిరిగి, తర్వాత బిగుసుకుంటుంది. "కొంచెం గట్టిగా ఉంది" అని స్పానర్ వేసి తిప్పితే పోత ఇనుములో థ్రెడ్ మొత్తం తినేస్తుంది. కంచరపాలెం ఇండస్ట్రియల్ ఎస్టేట్‌లో నాకు లేత్ పని చేసిపెట్టిన పెద్దాయన నా చేతిలో ఎమ్8 నట్టు చూసి ఆపేశారు. "బాబూ, ఇది రెండున్నర నూళ్ల స్టడ్డు. నీ నట్టు ఎమ్ఎమ్‌ది. ముందు గేజ్ పెట్టి చూడు" అన్నారు. అంగుళంలో ఎనిమిదో వంతు ఒక నూలు, రెండున్నర నూళ్లంటే 5/16. ఆ ఒక్క మాట మా మానిఫోల్డ్‌ని కాపాడింది. పిచ్ గేజ్ ఖరీదైన వస్తువు కాదు, కొని పెట్టుకోండి.

చెక్కతో మొదట

అల్యూమినియం కొనకముందు ప్లైవుడ్ ముక్కలతో అడాప్టర్ నమూనా చేయండి. 12 మి.మీ. ప్లై, 6 మి.మీ. ప్లై కలిపి పేర్చుకుంటే కావలసిన ఎత్తు వస్తుంది. దాని మీద కార్బురేటర్ కూర్చోబెట్టి, ఎయిర్ క్లీనర్ పెట్టి, దాని నెత్తి మీద వినాయక చవితికి తెచ్చినలాంటి మెత్తటి బంకమట్టి ముద్ద ఒకటి పెట్టి బానెట్ మెల్లగా మూయండి. తెరిచాక మట్టి ఎంత మందాన మిగిలిందో అదే మీకున్న ఖాళీ. 15 మి.మీ. కంటే తక్కువ ఉంటే ఎత్తు తగ్గించాలి. ఇంజిన్ మౌంట్ల మీద ఊగుతుంది కాబట్టి ఆ ఖాళీ ఉండాల్సిందే.

కార్బురేటర్‌ని ఎటు తిప్పి పెట్టాలో తేలేదీ ఇప్పుడే. ఇక్కడ రెండు అవసరాలు ఒకదానికొకటి అడ్డు రావచ్చు. ఫ్లోట్ బౌల్ (కార్బురేటర్‌లో పెట్రోలు నిలవుండే గిన్నె) బండి ముందు వైపు ఉంటే మంచిది. ఎత్తు ఎక్కేటప్పుడు పెట్రోలు వెనక్కి, అంటే జెట్ల (పెట్రోలు కొలిచి వదిలే సన్నటి బెజ్జాల) వైపు జరుగుతుంది, కరువు రాదు. రెండో అవసరం, ఎక్కువసేపు పనిచేసే మొదటి బ్యారెల్ ముందు మూడు సిలిండర్లకీ వెనక మూడు సిలిండర్లకీ సమాన దూరంలో ఉండాలి. లేకపోతే ఒక వైపు ప్లగ్గులు నల్లగా, ఇంకో వైపువి తెల్లగా వస్తాయి. లింకేజీ, బానెట్ ఒప్పుకుంటే రెండూ కుదురుతాయి. కుదరకపోతే నేను సమాన దూరానికే ఓటేస్తాను. ఘాట్ రోడ్డు మీద ఉండేది కాసేపే, సిలిండర్లు మాత్రం ఎప్పుడూ సమానంగా తినాలి.

ప్లేట్ల అమరిక

ఒకే దిమ్మ తీసుకుని చెక్కవచ్చు. నేను రెండు ప్లేట్లుగా చేయమంటాను. కింది ప్లేటు మానిఫోల్డ్ స్టడ్‌లకి బిగుస్తుంది, పై ప్లేటు కార్బురేటర్‌ని మోస్తుంది. తిప్పి పెట్టే దిశలో తప్పు జరిగితే పై ప్లేటు ఒక్కటే పోతుంది.

మా అమరిక కింది నుంచి పైకి ఇలా ఉంది. మానిఫోల్డ్ మీద గాస్కెట్, దాని మీద 10 మి.మీ. హైలం (బేకలైట్ రకం) షీటు, మళ్లీ గాస్కెట్, 16 మి.మీ. అల్యూమినియం ప్లేటు, గాస్కెట్, ఇంకో 16 మి.మీ. ప్లేటు, గాస్కెట్, ఆపైన కార్బురేటర్. మొత్తం 45 మి.మీ. దగ్గరికి వస్తుంది. దీనికంటే బాగా ఎత్తు పెంచితే కార్బురేటర్ కింద ఖాళీ పెరిగిపోయి, తక్కువ ఆర్‌పీఎంలో పెట్రోలుని లాగే గాలి ఊపు నీరసిస్తుంది. మరీ తగ్గిస్తే గరాటు నిటారుగా లేక పెట్రోలు తుంపరలు గోడకి కొట్టుకుని బొట్లుగా మారతాయి.

హైలం షీటు దేనికంటే, ఫ్లాట్‌హెడ్ ఇంజిన్లో ఇన్‌టేక్, ఎగ్జాస్ట్ మానిఫోల్డ్‌లు రెండూ ఒకే వైపు ఉంటాయి. ఇన్‌టేక్ నేరుగా ఎగ్జాస్ట్ మీద కూర్చుంటుంది. చలి దేశాల్లో పెట్రోలు ఆవిరి కావడానికి ఆ వేడి కావాలి. మే నెలలో గాజువాక ట్రాఫిక్‌లో మనకి అదే శత్రువు. ఇంజిన్ ఆపిన పది నిమిషాలకి వేడి పైకెక్కి బౌల్లో పెట్రోలు మరుగుతుంది, ఇక స్టార్ట్ కాదు. అల్యూమినియం వేడిని ఇట్టే పైకి పంపిస్తుంది, హైలం అడ్డుకుంటుంది. స్విచ్ బోర్డుల కోసం ఎలక్ట్రికల్ సామాన్ల దుకాణాల్లో ఆ షీటుని ముక్కలుగా అమ్ముతారు. దాన్ని కోసేటప్పుడు వచ్చే పొడి ఊపిరితిత్తులకి మంచిది కాదు, మాస్క్ పెట్టుకోండి. అలాగే రెండు మానిఫోల్డ్‌ల మధ్య వేడిని మళ్లించే హీట్ రైజర్ వాల్వ్ తుప్పు పట్టి, మూసిన చోటే బిగుసుకుని ఉందేమో చూడండి. అది కదలకపోతే ఎన్ని షీట్లు వేసినా లాభం లేదు.

గరాటు ఆకారానికి వద్దాం. పై ప్లేటులో రెండు బ్యారెళ్లనీ కలుపుతూ కోలగా ఉన్న బెజ్జం, కింది ప్లేటు అడుగున మానిఫోల్డ్ నోటికి సమానమైన గుండ్రటి బెజ్జం. ఆ కోల నుంచి ఈ గుండ్రానికి గోడ మెల్లగా జారాలి, ఎక్కడా మెట్టు ఉండకూడదు. స్టడ్ బెజ్జానికీ గరాటు గోడకీ మధ్య కనీసం 6 మి.మీ. లోహం మిగలాలి. ట్యాప్ చేసిన (లోపల థ్రెడ్ కోసిన) బెజ్జాలు ఏవీ గరాటులోకి తెరుచుకోకూడదు, తెరుచుకుంటే థ్రెడ్ల వెంట గాలి దూరుతుంది. కాగితం మీద గీసుకున్నప్పుడు ఈ రెండూ కుదరలేదంటే లోహం మీద అసలే కుదరవు, ప్లేటు సైజు పెంచండి.

లోహం, లేత్ పని

6061 లేదా 6082 గ్రేడు అల్యూమినియం ప్లేటు అడగండి. తుక్కు దుకాణంలో తూకానికి దొరికే పోత అల్యూమినియం చవకే కానీ లోపల గాలి బుడగలుంటాయి. ఏదో ఒకటి దొరికిందే వాడాల్సి వస్తే పరీక్ష ఉంది. చెక్కిన గరాటు అడుగు మూసి కిరసనాయిలు పోయండి, బయటి గోడకి సుద్దముక్క రుద్దండి. రాత్రంతా వదిలేయండి. పొద్దున్న సుద్ద మీద ఎక్కడైనా తడి మచ్చ కనబడితే ఆ ముక్క పనికిరాదు.

అట్ట నమూనాని ప్లేటు మీద పెట్టి సెంటర్ పంచ్‌తో గుర్తులు కొట్టండి. కేంద్రాలు కొట్టాక మళ్లీ వెర్నియర్‌తో సరిచూసుకోండి, పంచ్ అర మిల్లీమీటరు జారడం చాలా మామూలు. గుండ్రటి బెజ్జాన్ని లేత్ మీద నాలుగు దవడల చక్‌లో పట్టి బోర్ చేయించండి. కోల బెజ్జానికి మిల్లింగ్ మెషీన్ ఉంటే మేలు. లేకపోతే గీత లోపల వరుసగా చిన్న బెజ్జాలు వేసి, మధ్యలో తెంపి, అర్ధచంద్రపు ఆకురాయితో నున్నగా చేసుకోవచ్చు. నేను ఇలాగే చేశాను, రెండు సాయంత్రాలు పట్టింది. ఆకురాయి పళ్లలో అల్యూమినియం ఇరుక్కోకుండా మధ్యమధ్యలో సుద్ద రుద్దుతూ ఉండండి. డ్రిల్లింగ్‌కీ ట్యాపింగ్‌కీ కిరసనాయిలు చాలు.

వెబర్ కోసం పై ప్లేటులో నాలుగు ఎమ్8 స్టడ్‌లు. ట్యాప్‌కి ముందు డ్రిల్ బిట్ 6.8 మి.మీ. ఒక చుట్టు తిప్పితే పావు చుట్టు వెనక్కి తిప్పి చూర తెంపుకుంటూ వెళ్లండి. అల్యూమినియంలో స్టడ్ పట్టుకోవాలంటే దాని మందానికి రెట్టింపు లోతు కావాలి. 16 మి.మీ. ప్లేటు తీసుకోమన్నది అందుకే. రెండు ప్లేట్లనీ కలపడానికి నాలుగు ఎమ్6 అలెన్ స్క్రూలు, వాటి తలలు ప్లేటులో మునిగిపోవాలి. కింది ప్లేటులో మానిఫోల్డ్ నట్ల కోసం 8 మి.మీ. లోతు గుంటలు తీయించండి. ఆ గుంటల్లో సాకెట్ స్పానర్ పట్టేంత వెడల్పు ఉందో లేదో లేత్ దగ్గరే సరిచూసుకోండి, ఇంటికొచ్చాక కాదు.

హైలంతో కలిపితే పాత స్టడ్ పొడవు చాలకపోవచ్చు. అప్పుడు స్టడ్ మార్చాలి. ఇది ఒక్కటే మానిఫోల్డ్‌ని తాకే పని కాబట్టి తొందరపడకండి. తుప్పు వదిలే నూనె మూడు రోజులు పూస్తూ ఉండండి. తర్వాత రెండు నట్లు ఒకదాని మీద ఒకటి బిగించి, కింది నట్టుని మెల్లగా తిప్పండి. కదలకపోతే చుట్టూ ఇనుముని వేడి చేయండి. అప్పుడూ రాకపోతే మానిఫోల్డ్ విప్పి తెలిసినవాళ్ల దగ్గరికి తీసుకెళ్లండి. స్టడ్ లోపల విరగ్గొట్టుకోవడం కంటే ఒక వారం ఆలస్యం నయం.

చివరగా సమతలం. దళసరి గాజు పలక మీద 220 నంబరు ఎమ్రీ పేపర్ పరిచి, ప్లేటుని ఎనిమిది అంకె ఆకారంలో రుద్దండి, తర్వాత 400తో. ఇంకో గాజు పలకకి పల్చగా నూనెలో కలిపిన కాటుక రాసి ప్లేటు ఆనించి తీస్తే, అంటని చోటు ఎక్కడుందో కనిపిస్తుంది. 0.05 మి.మీ. ఫీలర్ గేజ్ ఎక్కడా దూరకూడదు.

బిగింపు

గాస్కెట్లకి పెట్రోలు, ఆయిల్ తట్టుకునే ఆస్‌బెస్టాస్ లేని ప్యాకింగ్ షీటు, 0.8 మి.మీ. చాలు. సిలికాన్ గమ్ వాడకండి. పెట్రోలు తగిలితే అది ఉబ్బి, ముక్కలై ఇంజిన్ లోపలికి పోతుంది. గాస్కెట్ బెజ్జం గరాటు కంటే ఒక మి.మీ. పెద్దదిగా ఉండాలి.

ఇక బటర్‌ఫ్లై కథ. మొదటిసారి బిగించినప్పుడు ఇంటి ఆవరణలో స్టార్ట్ చేశాను. చక్కగా అందుకుంది. పెడల్ పూర్తిగా తొక్కి వదిలితే ఇంజిన్ దిగలేదు, అలాగే అరుస్తూ ఉంది. ఇగ్నిషన్ ఆపేశాను. విప్పి చూస్తే రెండో బ్యారెల్ బటర్‌ఫ్లై అంచు గాస్కెట్‌ని చీల్చుకుని దానిలో ఇరుక్కుంది. గాస్కెట్‌ని నేను కోసిన తీరులో 2 మి.మీ. లోపలికి పొడుచుకొచ్చింది, అంతే. అదే రోడ్డు మీద, హనుమంతవాక దిగువన జరిగి ఉంటే ఏమయ్యేదో తలుచుకుంటే ఇప్పటికీ గుండె జారుతుంది. అందుకే చెబుతున్నాను: ఇంజిన్ ఆపి ఉండగా, పైనుంచి టార్చ్ వేసి చూస్తూ, ఇంకొకరి చేత పెడల్ ఇరవై సార్లు పూర్తిగా తొక్కించండి. రెండు బటర్‌ఫ్లైలూ ప్రతిసారీ టక్కున మూసుకోవాలి. థ్రాటిల్‌కి ఒకటి కాదు, రెండు రిటర్న్ స్ప్రింగులు వేయండి. ఒకటి తెగితే ఇంకోటి ఉంటుంది.

నట్లు ఎదురెదురుగా, మూడు విడతల్లో బిగించండి. ఎమ్8కి 12 నుంచి 15 న్యూటన్ మీటర్లు చాలు, ఎక్కువైతే కార్బురేటర్ అడుగు వంగుతుంది. డిస్ట్రిబ్యూటర్ వాక్యూమ్ గొట్టాన్ని వెబర్ మీదున్న దాని పోర్టుకే పెట్టండి, అడాప్టర్‌కి బెజ్జం పెట్టి తీయకండి. ఆ వాక్యూమ్ థ్రాటిల్ అంచు పైనుంచి రావాలి, కింది నుంచి కాదు. వెబర్‌కి పెట్రోలు ఒత్తిడి 3 పీఎస్‌ఐ దగ్గర ఉంటే సరిపోతుంది. ఇంజిన్ మీది పాత పంపు అంతకంటే ఎక్కువ తోస్తే ప్రెషర్ రెగ్యులేటర్ వేయాలి, లేకపోతే బౌల్ పొంగుతుంది. కింద ఎర్రగా కాగే ఎగ్జాస్ట్ ఉంది, మరవకండి. మొదటిసారి స్టార్ట్ చేసేటప్పుడు నిప్పు ఆర్పే సిలిండర్ చేతికందేలా పెట్టుకోండి. ఇంజిన్ వేడెక్కకముందే, సన్నటి నీటి తుంపరని ఒక్కో అతుకు మీద కొట్టి వినండి. ఐడిలింగ్ శబ్దం ఏ మాత్రం మారినా అక్కడ గాలి దూరుతోందన్నమాట.

ట్యూనింగ్

జెట్ల గురించి చాలా టెన్షన్ పడతారు కానీ లెక్క సులువు. వెబర్ జెట్ నంబరు అంటే బెజ్జం వ్యాసం, మిల్లీమీటరులో నూరో వంతుల్లో. 140 అంటే 1.40 మి.మీ. ఇప్పుడు బంకుల్లో వచ్చే పెట్రోల్లో 20 శాతం ఇథనాల్ ఉంటోంది. ఉత్త పెట్రోలు ఒక పాలు మండడానికి 14.7 పాళ్ల గాలి కావాలి, ఇథనాల్‌కి 9 పాళ్లు చాలు. ఈ మిశ్రమానికి లెక్క కడితే 13.6 దగ్గర తేలుతుంది. అంటే అదే గాలికి సుమారు 8 శాతం ఎక్కువ ఇంధనం పోవాలి. 140 నుంచి 145 జెట్‌కి వెళ్తే బెజ్జం వైశాల్యం 7 శాతం పైనే పెరుగుతుంది. కాబట్టి పాత పుస్తకాల్లో చెప్పిన దానికంటే ఒక మెట్టు పెద్ద జెట్‌తో మొదలుపెట్టి, ప్లగ్గులు చూసి నిర్ణయించండి. లేత ఇటుక రంగు, కాఫీ పొడి రంగు మధ్య ఉంటే బాగున్నట్టు.

ఇథనాల్ పాత రబ్బరు గొట్టాలని తినేస్తుంది, గాలిలో తేమనీ పీల్చుకుంటుంది. మన ఊరి ఉక్కలో ట్యాంకు సగం ఖాళీగా నెలల తరబడి వదలకండి. గొట్టాలన్నీ ఇథనాల్ తట్టుకునేవి వేయండి.

మొదటి పరుగు ఆర్కే బీచ్ నుంచి రుషికొండ దాకా, చల్లని పూట. తిరిగొచ్చి, ఇంజిన్ చల్లారాక నట్లన్నీ ఒకసారి చూడండి. వేడికి గాస్కెట్లు కాస్త కూర్చుంటాయి. మళ్లీ వంద కిలోమీటర్లకి ఇంకోసారి. ఆ తర్వాతే సింహాచలం ఘాట్ రోడ్డు. మలుపుల్లో ఇంజిన్ దగ్గిందంటే ఫ్లోట్ మట్టం సరిచూడాలి, ఎత్తులో చివరిదాకా లాగలేకపోతే రెండో బ్యారెల్ జెట్ చూడాలి. మా బండి మొదటిసారి పైకి ఎక్కి, ఇంజిన్ ఆపి, పావుగంట ఆగి సెల్ఫ్ కొడితే ఒక్క దెబ్బకి అందుకుంది. ఆ రోజు హైలం షీటుకి దండం పెట్టాను.

ఉప్పుగాలి పని ఒకటి మిగిలింది. అల్యూమినియంలో స్టీలు స్టడ్ ఉంటే, మధ్యలో ఉప్పు తేమ చేరి అల్యూమినియం తెల్లటి పొడిగా రాలిపోతుంది. స్టడ్‌ల, నట్ల థ్రెడ్లకి యాంటీ సీజ్ (థ్రెడ్లు పట్టేయకుండా పూసే పేస్టు) పూయండి. వానాకాలం వెళ్లాక ఒకసారి నట్లు వదులు చేసి బిగించుకోండి.

పాత కార్టర్ బుష్‌లు వేయించుకుని తిరిగొచ్చేదాకా దాని సామానంతా ఒక స్టీలు డబ్బాలో పెట్టాను. పాత స్టడ్‌లు, లింకేజీ కడ్డీ, దాని పిన్నులు, ఒక గాస్కెట్, వాటికి ఇంజిన్ ఆయిల్ పూత. మూత లోపల ఒక కాగితం అంటించాను. 'స్టడ్ 5/16, అంగుళానికి 18 చుట్లు. ఎమ్8 నట్టు పెట్టకండి' అని పెద్ద అక్షరాలతో రాసి ఉంటుంది.